బక్కయ్య దగ్గు

“ఒక్క పాటకు పదిహేడు సార్లు వాయించిన. వాడొక పాటగాడా?” ఢోలక్ తాజుద్దీన్ వెటకారంగా నవ్వాడు.

నల్లగొండలో రఘుపతి రికార్డింగు గది అది. పాటగాడు బక్కయ్య పోయి పది రోజులైంది. అతని పాటను పదే పదే రికార్డు చేసిన పాత టేపును చెరిపి మళ్లీ వాడుకుందామని రఘుపతి వింటున్నాడు.

“గొంతు మంచిదే గద, తాజుద్దీన్ భాయ్.”

“ఏం మంచిది? పాట నడుమ దగ్గుడు. ‘తప్పు నాదే, మళ్ల మొదటికెల్లి’ అనుడు. నా వేళ్లు వాసిపోయినయ్. దగ్గు ఆపుకోనోడు దవాఖానల పండుకోవాలె, గీడ పాడుడెందుకు?”

టేపులో మూడో చరణం మొదలైంది. ఖళ్లుమని దగ్గు.

“ఇన్నవా!” తాజుద్దీన్ తొడ చరిచాడు.

మళ్లీ పాట, మళ్లీ మూడో చరణం, మళ్లీ దగ్గు.

“దగ్గు గుడ టైముకు వస్తది సూడు ఈనికి!”

రఘుపతి నవ్వలేదు. టేపు కాస్త వెనక్కి తిప్పాడు. “దగ్గు సంగతి ఇడిసిపెట్టు. దాని ముంగట ఢోలక్ ఇను.”

మూడో చరణం దగ్గర ఢోలక్ లయ తప్పి ఉరికింది. ఆ వెంటనే దగ్గు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆఖరిసారి ఢోలక్ ఉరకలేదు. దగ్గూ రాలేదు.

తాజుద్దీన్ తన వేళ్లకేసి చూసుకున్నాడు.

“దొంగ సచ్చినోడు. ‘తప్పు నీది’ అని ఒక్కసారన్న చెప్పలే.”

“చెరిపెయ్యనా, భాయ్?”

“నా ఢోలక్ చెరుపు. వాని దగ్గు ఉండనియ్.”

“గట్ల కాదు భాయ్. రెండూ కలిసే ఉన్నయి.”