గూడు ఉంది, రావద్దు

లోరెంట్స్ పసుపు బోర్డును బీచ్ అనే అడవి చెట్టుకు కట్టి ముడి బిగిస్తుండగా వెనక కొమ్మలు విరిగిన చప్పుడైంది.

ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఓ కుర్రాడు, ఓ అమ్మాయి. భుజాన తాళ్ళు, మోకాళ్ళ దాకా బురద, జుట్టు నిండా ముళ్ళు.

“దొరికింది! చెప్పానా టిల్?” అమ్మాయి కేక పెట్టింది. “బాబాయ్, కొండలెక్కే గేరో కనిపెట్టిన కొండరాయి ఇటేగా?”

“ముందు గొంతు తగ్గించమ్మా,” అన్నాడు లోరెంట్స్.

“పొద్దుట్నించీ తిరుగుతున్నాం బాబాయ్. వంకర బీచ్ చెట్టు దగ్గర ఎడమకి తిరగమని కొండదారుల పుస్తకంలో రాశారు. ఈ అడవిలో తిన్నగా ఉన్న చెట్టు ఒక్కటి చూపించండి!”

“ఫోన్లో చూద్దామంటే ఈ లోయలో సిగ్నలుండి చావదు,” అన్నాడు టిల్. “మరీకేని నమ్ముకుని బయల్దేరా. రెండుసార్లు అడవిపందుల బురదలో దింపింది.”

“దిగింది నువ్వు. నేను గట్టు మీదే ఉన్నా.”

లోరెంట్స్ పక్కకు జరిగాడు. బోర్డు కనిపించింది. దాని మీద గుడ్లగూబ బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: గూడు ఉంది. జూలై దాకా రావద్దు.

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

ఆ బోర్డు చూశాక జర్మనీలోని ఈ ఫ్రాంకోనియాలో కొండలెక్కేవాళ్ళెవరూ అడుగు ముందుకు వెయ్యరు. వేస్తే తోటివాళ్ళే వెలేస్తారు. ఏటా వసంతంలో ఈ బోర్డులు కట్టే లోరెంట్స్‌కు ఆ సంగతి బాగా తెలుసు. అయినా దారికి అడ్డంగానే నిలబడ్డాడు. వీళ్ళు ఆ పొదలు దాటి పైకెళ్ళారంటే అంతా అయిపోయినట్టే.

“మూసేశారని నెట్‌లో ఎక్కడా లేదే?” టిల్ నసిగాడు.

“గూడు నిన్ననే కనబడింది. పిల్లలు మరీ చిన్నవి. మనిషి అలికిడైతే తల్లి వదిలేసి పోతుంది. ఆకలికి చస్తాయి.”

“అయ్యో,” అంది మరీకే.

టిల్‌కు ఇంకా ఆశ చావలేదు. “గేరో ఎక్కిన దారి కింద్నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తాం బాబాయ్. ఈ చుట్టుపక్కల మంచి రాళ్ళన్నీ ఆయన కనిపెట్టినవేగా.”

“కొన్ని వాళ్ళన్న కనిపెట్టాడంటారు.”

“వాడా?” టిల్ పకపకా నవ్వాడు. “కింద నిలబడి తాడు పట్టుకునే రకం. మొన్న బీరు దుకాణంలో అందరి ముందూ గేరోనే అన్నాడట, ‘మా అన్నయ్య నడిచే మేకు, తాడు తగిలించుకోవడానికి పనికొస్తాడు’ అని. దుకాణం మొత్తం పడీ పడీ నవ్విందట.”

లోరెంట్స్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా.

అప్పుడే పైనుంచి సన్నటి అరుపు వినిపించింది.

మరీకే తలెత్తింది. “ఏంటది?”

“పిల్లలు. ఆకలికి.”

“మనిషి మూలిగినట్టుంది.”

“మొదటిసారి విన్నవాళ్ళంతా అదే అంటారు.”

“గుడ్లగూబలు పట్టపగలు అరుస్తాయా?”

లోరెంట్స్ బోర్డు ముడి మళ్ళీ బిగించాడు. “అరవవు. మీ గోలకే లేచాయి.”

మరీకే గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో టిల్ చొక్కా పట్టి లాగింది. “పదరా! వాటి ఉసురు తగులుతుంది.”

టిల్ తాళ్ళు భుజాన సర్దుకుని వెనుదిరిగాడు. వెళ్తూ వెళ్తూ మరీకే గుసగుసగా అంది, “మీలాంటివాళ్ళు ఉండబట్టే బాబాయ్, ఈ అడవిలో ఇంకా నాలుగు ప్రాణాలు బతుకుతున్నాయి.”

ఇద్దరూ మునివేళ్ళ మీద నడుస్తూ చెట్ల మధ్య కనుమరుగయ్యారు.

కింద కారు బయల్దేరిన చప్పుడయ్యేదాకా లోరెంట్స్ కదల్లేదు. ఆ తర్వాత సంచిలోంచి ఇంకో బోర్డు తీసి అవతలి దారికి కూడా కట్టాడు. అప్పుడు పొదలు తప్పించుకుంటూ తీరిగ్గా పైకెక్కాడు.

రాతి మొదట్లో, రెండు కాళ్ళూ విరిగి ఎండుటాకుల మీద పడి ఉన్న గేరో తల కొంచెం ఎత్తి, “మనుషుల గొంతులు వినబడ్డాయి అన్నయ్యా... సాయం దొరికిందా?” అని అడిగాడు.