బొటనవేలి చాటు సూర్యుడు

తలుపుకు అవతల, వసారాలో స్టూలు లాగిన చప్పుడైంది. అత్త ముత్తమ్మాళ్ అక్కడి నుంచి కదిలేట్టు లేదు.

గదిలో గాలాడక కార్తికకు చెమటలు పోస్తున్నాయి. కడుపుతో ఉంది, ఆరో నెల. కిటికీకి దుప్పటి వేలాడుతోంది. ఇంతలో ఫోన్ మోగింది.

"టీచర్, గ్రహణం పట్టేసింది. సగం కోవిల్‌పట్టి మన స్కూల్ గ్రౌండులోనే ఉంది." హెడ్మాస్టర్ గోవిందరాజ్ అరవంలో కంగారుగా అన్నాడు. "భయం లేదు, రండి అని ఇల్లిల్లూ తిరిగి పిలిచింది మీరు. మీరే రాకపోతే ఇంకెవరు నమ్ముతారు?"

"మా అత్త ఒప్పుకోవడం లేదు సార్."

ఆ మాట బయటికి వినపడే ఉంటుంది. కార్తిక ఫోన్ పెట్టేసింది. తలుపు అవతల ముత్తమ్మాళ్ గొంతు సవరించుకుంది.

"అమ్మాయీ, ఊరికంతా చెప్తివి గదా, నాకూ ఒక తూరి చెప్పు. అంత సూరియుణ్ణి ఇంత చందమామ ఎట్ల మూస్తాడు?"

"ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి పట్టత్తా. ఎదురింటి మేడ కనపడతాదా?"

"కనపడలే. సెల్లత్తాయి మేడంతా నా వేలి చాటునే ఉండాది. దానికి అంత పొగరెందుకో!"

"అంతే. సూర్యుడు చంద్రుడి కన్నా నాలుగు వందల రెట్లు వెడల్పు. దూరం కూడా ఇంచుమించు అన్ని రెట్లే. అందుకే ఇద్దరూ ఒక్క సైజులో కనపడతారు. చంద్రుడు అడ్డమొస్తే నీడ పడతాది."

"నీడలో విసముంటాదా?"

"వెలుగు తగ్గుతాది, అంతే. కొత్త కిరణాలేవీ పుట్టవు. ఉత్త కళ్ళతో సూర్యుణ్ణి ఏ రోజు చూసినా కళ్ళు పోతాయి. ఈ రోజు జనం పనిగట్టుకొని చూస్తారు, అదే తేడా."

పెంకుల సందులోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు, ఒక పక్క కొరికిన అప్పంలా ఉంది. అది సూర్యుడి బొమ్మే. అది దగ్గరికి జరుగుతుంటే కార్తిక కాళ్ళు ముడుచుకుంది.

"కడుపులో బిడ్డకో?"

"నీడకు గోడా ఒకటే, కడుపూ ఒకటే. ఏమీ కాదు."

"అయితే, పోయిన గ్రాణం నాడు నువ్వు పిలకాయల్తో ఎండలో నిలబడినందుకు కాదా, కడుపులోనే మన బిడ్డ పోయింది?"

కార్తిక కాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"కాదత్తా. విరుదునగర్ డాక్టరమ్మ చెప్పింది గదా."

"నిసమా?"

"నిజం."

స్టూలు కదిలింది. తలుపు మీద అరచెయ్యి ఆనిన చప్పుడు. ముత్తమ్మాళ్ గొంతు ఈసారి చాలా దగ్గరగా, మెత్తగా వినిపించింది.

"అయితే లోపలి గొళ్ళెం తియ్యి తల్లీ."