తెల్లబల్బుల కింద

గాజుపెట్టెల్లో నీటిగిన్నెలు నింపాలి. మూతలు బిగించాలి. షాపు మూసేముందు తెల్లబల్బులన్నీ వెలిగించాలి.

చివరిది ఓనరు ఆజ్ఞ. అమ్మకానికి పెట్టిన టరాంటులాలు, ఆ బొచ్చు సాలీళ్లు, రాత్రంతా వీధిలోకి కనబడాలట. షాపులో వాటిని సాకే మా బాబాయ్ ఒప్పుకోలేదు.

"సాలీళ్లకి చీకటే హాయి. ఈ వేడికి ఎండి చస్తాయి. ఏరా డిగ్రీ, నువ్వు చదవలేదా?"

చదివాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. బాబాయ్‌ని పనిలోంచి పంపేశారు. నెల తిరక్కుండా కన్నుమూశాడు.

ఏడు సాలీళ్లు చచ్చాయి. ఈ రాత్రి మిగిలిన ఒక్కదాని బల్బు టక్కున ఆరింది. వేశాను. మళ్లీ ఆరింది. తాళం వేసిన షాపులో నేనొక్కణ్ణే. ఎక్కడో కాళ్లు గాజును మెల్లగా గీరుతున్నాయి. చీకట్లో స్విచ్చు కోసం తడిమితే, దాని మీద అప్పటికే ఒక చెయ్యి ఉంది.

సాలీళ్లను పెంచేవాళ్లు మా బాబాయ్‌ని ఒక్కసారి తలుచుకోండి.