కొమ్మెక్కిన బాతు పంతులమ్మ

అనగనగా ఒక మడుగులో వరాలమ్మ అనే బాతు పిల్లబాతులకు ఈత నేర్పేది. వాళ్ళలో నలక అనే పిల్ల నీళ్ళు చూస్తేనే వణికేది. గట్టున నక్క తిరుగుతోంది, ఈత రాకపోతే దాని నోట పడక తప్పదు. "బాతుగా పుట్టి నీళ్ళకు భయమేమిటే?" అని వరాలమ్మ కసిరేకొద్దీ నలక ఇంకా వెనక్కి జరిగేది.

ఇంతలో ఈత పంతుళ్ళందరికీ శిక్షణ అని కబురొచ్చింది. ఏదో ఉపాయం దొరక్కపోదని వరాలమ్మ అందరికంటే ముందే వెళ్ళి కూర్చుంది. నేర్పడానికొచ్చింది నెమలి. ఏనాడూ ఒళ్ళు తడుపుకోని ఆ మహానుభావుడు కొమ్మ మీద పురి విప్పి, పొద్దువాలేదాకా ఈత గురించి చెప్పాడు. కొమ్మ కింద కొంగ మాస్టారు ఒంటికాలి మీద కునుకు తీశాడు.

"నాదొక సందేహమండీ," అంది వరాలమ్మ.

"కొమ్మెక్కి అడగాలి మేడమ్. అది ఇక్కడి పద్ధతి."

ఎలాగో ఎక్కింది. పాదాలు జారాయి, కళ్ళు తిరిగాయి, అడగాల్సిన మాట కాస్తా మరిచిపోయింది.

"పక్షిగా పుట్టి కొమ్మంటే భయమేమిటండీ?" అన్నాడు నెమలి. అందరూ నవ్వారు. నలకకూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది వరాలమ్మ.

మడుగుకు రాగానే నలక పక్కన కూర్చుని, "ఇవాళ నాకెంత భయమేసిందో తెలుసా?" అంది.

"మీకా పంతులమ్మగారూ? పడ్డారా?"

"పడ్డాను. కొంగ మాస్టారి మీద."

నలక ఫక్కున నవ్వింది. వరాలమ్మ చెబుతూ చెబుతూ నీళ్ళలోకి జారింది. మిగతాది వినాలని నలకా వెంటే దిగింది.

అదంతా తన శిక్షణ చలవేనని నెమలి అడవంతా చాటుకున్నాడు. తనను కొమ్మెక్కించింది అతనే మరి, వరాలమ్మ కాదనలేకపోయింది.