ఖాళీ పడక

"నెల్డా, ఆ బస్సు చూశావా? మన ఇల్లంత ఉంది!" అన్నాడు కోయ్, టై సర్దుకుంటూ.

నెల్డా చూసింది. పొద్దుటినుంచీ అటు చూడకుండా ఉండాలనే ఆమె ప్రయత్నం. న్యూ హార్మొనీ చర్చి ముందు, పెకాన్ చెట్ల కింద, ఊరూరా తిరిగి భక్తిపాటలు పాడే జోర్డాన్ ఫెర్రీ సింగర్స్ వాళ్ళ వెండిరంగు బస్సు ఆగి ఉంది.

"ఒక్కసారి వెళ్ళి వాళ్ళ మేనేజరు స్ట్రౌడ్ గారిని పలకరించి వస్తా," అన్నాడు కోయ్.

"ఇప్పుడెందుకు? ఎండలో నిలబడితే గొంతు ఎండిపోతుంది. ఈ తేనెనీళ్ళు తాగు."

"ఇది నాలుగో గ్లాసు! పాట మధ్యలో నేను బయటికి పరిగెత్తాలా ఏమిటి?"

కోయ్ అక్క వాన్సీల్ పకపకా నవ్వింది. ఆమె, ఆమె భర్త హాయిట్, పైస్థాయి గొంతు, అంటే టెనర్, పాడే కోయ్, పియానో వాయించే నెల్డా. ఈ నలుగురే లెడ్‌బెటర్ ఫ్యామిలీ. ఉత్తర అలబామాలో వాళ్ళు పాడని చర్చి లేదు. అలబామా దాటితే మాత్రం వాళ్ళెవరో ఎవరికీ తెలియదు.

"వాళ్ళకీ మనకీ తేడా గొంతులో లేదు కోయ్," అన్నాడు హాయిట్. "సోమవారంలో ఉంది. సోమవారం పొద్దున మనం మేజోళ్ళ మిల్లులో ఉంటాం. వాళ్ళు ఇంకో రాష్ట్రంలో నిద్ర లేస్తారు."

"బస్సులో, ఎవరి పడక మీద వాళ్ళు," అన్నాడు కోయ్. ఆ గొంతులో ఆశ దాగలేదు.

"ఇంకో తేడా మర్చిపోయారు," అంది వాన్సీల్. "వాళ్ళు సంగీతమంతా టేపులో పెట్టుకుని పాడతారు. మన నెల్డాలా చర్చికో డొక్కు పియానోతో కుస్తీ పట్టే మనిషి వాళ్ళకి అక్కర్లేదు."

నెల్డా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పదిరోజుల కిందట, ఆమె బట్టలు మడతపెడుతుంటే ఫోన్లో చెప్పిన మాటలు రికార్డు చేసే మెషీన్ మీద ఎర్రదీపం వెలిగి ఆరుతూ కనిపించింది. మీట నొక్కింది. "లెడ్‌బెటర్ గారిల్లేనా? జోర్డాన్ ఫెర్రీ నుంచి స్ట్రౌడ్‌ని మాట్లాడుతున్నాను. పోయిన నెల గాడ్స్‌డెన్‌లో మీ పాటలు విన్నాం. మా బస్సులో ఒక పడక ఖాళీ అయింది. శుక్రవారంలోగా..."

అక్కడే చెరిపేసింది. మిగతాది వినక్కర్లేదు. పడక ఖాళీ అంటే జట్టులో చోటు ఖాళీ అని పాడేవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ టెనర్‌కి గొంతు పాడైందని వదంతి ఉండనే ఉంది. ఏడాదికి రెండువందల రోజులు రోడ్డు మీదుండే ఆ బస్సులో పియానోకి చోటు లేదు. ఇరవైరెండేళ్ళుగా కోయ్ ఎక్కడ ఊపిరి తీస్తాడో చూసి అక్కడ చెయ్యి ఆపిన మనిషి, ఇకమీద వంటింట్లో రేడియో పెట్టుకుని అతని పాట వినాలి.

వదంతి కోయ్ చెవిన కూడా పడింది. అప్పటినుంచి రోజూ మిల్లునుంచి వస్తూనే, చేతులైనా కడుక్కోకుండా ఫోను దగ్గరికి వెళ్ళేవాడు.

"ఎవరైనా చేశారా?"

"లేదు."

తొమ్మిదిసార్లు అడిగాడు. తొమ్మిదిసార్లూ ఆమె అదే చెప్పింది.

ముందు లెడ్‌బెటర్ ఫ్యామిలీ పాడింది. ఆ చర్చి పియానోలో మూడు మెట్లు పలకడం లేదు. నెల్డా ప్రతి పాటనూ అరమెట్టు పైకెత్తి, ఆ మూడింటినీ తప్పించుకుంటూ వాయించింది. కోయ్‌కి అదేమీ తెలియలేదు. ఎప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు అతని గొంతు చర్చి కప్పును తాకింది. వెనక తలుపు దగ్గర స్ట్రౌడ్ చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

పాటలు అవగానే ఆమె కోయ్ మోచెయ్యి పట్టుకుంది. "పద, భోజనాలు పెట్టేశారు. చికెన్ చల్లారిపోతుంది."

"ఆగవే! ఆయన ఇటే వస్తున్నాడు."

స్ట్రౌడ్ చేతిలో టోపీతో వచ్చి నిలబడ్డాడు. "చాలా బాగుంది బ్రదర్. బాగుంది సిస్టర్. కానీ ఒక్క మాట. కుదరకపోతే కుదరదని చెప్పచ్చు కదా? మా వాళ్ళంతా ఎదురుచూశారు."

"ఏమిటండీ కుదరనిది?" అన్నాడు కోయ్.

"ఫోన్ చేశాను కదా, పదిరోజుల కిందట. మెషీన్‌లో అంతా వివరంగా చెప్పాను. శుక్రవారం దాకా చూసి ఇంకొకరిని తీసుకున్నాం."

కోయ్ మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నేనే చెరిపేశాను," అంది నెల్డా. "సగం విని."

"రోజూ అడిగాను కదే నిన్ను."

"నువ్వు వెళ్ళిపోతావని భయపడ్డాను."

"నిన్ను వదిలేసి వెళ్తాననుకున్నావా?"

"వెళ్ళవా?"

కోయ్ చూపు వెండిరంగు బస్సు వైపు మళ్ళింది. నెల్డాకి తన జవాబు దొరికింది.

స్ట్రౌడ్ తికమకగా ఇద్దరినీ చూశాడు. "ఒక్క నిమిషం. బ్రదర్ ఎక్కడికి వెళ్ళడం? మా టెనర్ బాగానే ఉన్నాడే!"

ఆయన వెనక నలుగురు మనుషులు బస్సులోంచి దుప్పటి చుట్టిన ఓ పియానోను దింపుతున్నారు. ఆయన చూపు నెల్డా వేళ్ళ మీద ఆగింది.

"మేము టేపులు మానేశాం, సిస్టర్."