మునిరాజు పంపిన క్రీము

కె.ఆర్.పురం, బెంగళూరు
9-3-1983

చిరంజీవి మునిరాజుకు,

పెండ్లిలోగా తెల్లబడాలన్న షరతుతో, మీ మేనమామ కూతురు వనజకు నీవు బొంబాయి నుండి పంపిన క్రీము నిన్న అందింది. అందుకే ఈ కార్డు.

ట్యూబు మీది ఇంగ్లీషు నేను చదివాను. ఎండ చర్మాన్ని కాల్చకుండా ఇది అడ్డుపడుతుందట. బయటికి వెళ్ళే ముందు పూయాలి, చెమట పడితే మళ్ళీ పూయాలి. పుట్టుకతో వచ్చిన రంగును కడిగేస్తుందని ఎక్కడా లేదు. బి.ఎస్సీ. ప్యాసైనవాడివి, నీ కంటికి వేరేగా కనిపించి ఉంటుంది.

వనజ డ్రిల్లు టీచరు కదా, రోజంతా బడి మైదానంలోనే ఉంటుంది. ఈరోజు పూసుకుని వెళ్ళింది. సాయంత్రం వచ్చి, ముక్కు మండలేదని మురిసిపోయింది.

"క్రీము బాగుండాది అవ్వా. బావే వద్దు," అంది.

ఇక జరగవలసినవి:

1. ఇంకొక ట్యూబు కొని పంపు.

2. పెండ్లికి సెలవు పెట్టి ఉంటే రద్దు చేసుకో.

3. కవరు కాదు, కార్డు కనుక నీ గదిలోని స్నేహితులు ఈపాటికి చదివే ఉంటారు. వాళ్ళలో పెండ్లికాని బుద్ధిమంతుడెవడైనా ఉంటే నాకు రాయమను. వనజను అడిగే ఈ మాట రాస్తున్నాను.

ఇట్లు,
మీ అవ్వ