జుట్టు ఆరేలోగా

ఆదివారం సాయంత్రం భార్య దగ్గర నుంచి వీడియో కాల్ వచ్చేలోగా జుట్టు ఆరాలి. వారం మొత్తానికీ హెల్మెట్ సారు పెట్టుకున్న అసలు టార్గెట్ అదొక్కటే.

పరాయి దేశం, పన్నెండు నెలలూ ఉక్కపోత. అక్కడ కడుతున్న వంతెనకు అతను సేఫ్టీ ఆఫీసరు. ఏడింటికి తొడుక్కున్న చొక్కా ఏడుంపావుకల్లా వీపుకు అతుక్కుపోతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి హాజరు వేయించుకోవడానికన్నట్టు వాన వచ్చి, అరగంట కురిసి వెళ్ళిపోతుంది. రెండ్రోజులు వేసుకోకపోతే బూట్లకు బూజు. సోమవారం నుంచి శనివారం దాకా అందరి నెత్తినా హెల్మెట్లు పెట్టించడం, అందరిచేతా ఫారాలు నింపించడం అతని పని. "ఖాళీ వదిలిన గడి ఎప్పుడో ఒకప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది" అంటూ రోజుకు పదిమందిని సతాయిస్తాడు.

ఆదివారం మాత్రం అతనికి సముద్రం కావాలి.

చిక్కంతా అక్కడే ఉంది. బయల్దేరే ముందు భార్య అతని చెయ్యి తీసి కూతురి నెత్తిన పెట్టించింది.

"ఏరు లేదు, సముద్రం లేదు, పడవ లేదు. నీళ్ళలో దిగారని తెలిసిందో, ఆ మర్నాడే ఉద్యోగానికి దండం పెట్టి ఇంటికొచ్చెయ్యాలి."

ఆమె ఒక్కగానొక్క అన్నయ్య ఈతకని వెళ్ళి తిరిగి రాలేదు. ఇరవై ఏళ్ళయినా ఆమెకు ఆ భయం పోలేదు.

"బకెట్లో నీళ్ళు తప్ప ముట్టుకోను" అని హెల్మెట్ సారు ఒట్టేశాడు.

రెండు నెలలు మాట మీదే నిలబడ్డాడు. ఆదివారాలు మంచం మీద పడి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడో నెలలో, అదే గదిలో ఉండే వెల్డరు "పక్క దీవికి పడవ వెళ్తోంది, వస్తారా సార్?" అన్నాడు. వద్దనుకుంటూనే చెప్పులేసుకున్నాడు.

రేవులో పడవాయన తలా ఒక ఫారం ఇచ్చాడు. వెల్డరు పేరు గిలికి ఇచ్చేశాడు. హెల్మెట్ సారుకు అది చేతకాదు. బ్లడ్ గ్రూపు, వాడే మాత్రలు, ఎడమ మోకాలి పాత దెబ్బ అన్నీ రాసి, వెనక పేజీ తిప్పి, చివరి గడి దాకా నింపాడు. ఆ రోజు పడవ పావుగంట ఆలస్యమైంది. వెనక పేజీ నింపిన మనిషిని పడవాయన చూడటం అదే మొదలట.

ఆ రోజు నీళ్ళలో తల ముంచి, కింద పసుప్పచ్చ చేపలు గుంపుగా పోతుంటే చూసి, నలభై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. ఇక మానడం అతని వల్ల కాలేదు.

పడవాయన పనితీరు కూడా అతనికి తెగ నచ్చింది. ఒడ్డుకు రాగానే అందర్నీ వరసగా నిలబెట్టి, తలలు లెక్కపెట్టి, ఫోటో తీసుకుంటాడు.

"చూసి నేర్చుకో. సేఫ్టీ అంటే అదీ" అన్నాడు వెల్డరుతో.

కాకపోతే ఆ శ్రద్ధ రానురానూ ముదిరింది. మూడో వారం నుంచి హెల్మెట్ సారుకు ఒక్కడికే లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్. బండ మీది నుంచి అందరూ దూకుతుంటే, అతనికి మాత్రం మోకాలు చూపించి వేలు అడ్డంగా ఊపేవాడు. ఐదో వారం చెవుల్లో దూది కుక్కాడు.

'నీళ్ళు పోతే చీము పడుతుందని రాశానా? రాసే ఉంటాను' అనుకున్నాడు హెల్మెట్ సారు. తన ఫారాల మీద అతనికంత గురి.

గదికి చేరి, తల తుడుచుకుని, మంచం మీద వాలాక ఫోన్ మోగేది. ఒకసారి ఐదింటికి, ఒకసారి ఆరున్నరకు. అతను నీళ్ళలో ఉండగా మాత్రం ఒక్కసారీ రాలేదు. తన అదృష్టానికి తనే మురిసిపోయేవాడు.

"ఏం చేశారివాళ?"

"ఏముంది, బట్టలుతికి ఆరేశా. పడుకున్నా."

"మొహం నల్లబడినట్టుందే?"

"ఎండలో ఆరేశాగా."

"అన్ని బట్టలున్నాయా మీకు?" అని నవ్వేది. ఓసారి "మొదట్లో ముభావంగా ఉండేవారు. ఈమధ్య బాగా నవ్వుతున్నారు" అంది.

పెట్టేశాక అతనికి కాసేపు మనసు చివుక్కుమనేది. "మా ఆవిడ ఉత్త అమాయకురాలు. ఏం చెప్పినా నమ్మేస్తుంది" అనేవాడు వెల్డరుతో.

పద్నాలుగో ఆదివారం నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. ఆ వెంటనే గాలివాన. పడవాయన ఇంజను విప్పి బిగిస్తుంటే, మిగతావాళ్ళు నీళ్ళు తోడిపోశారు. ఫోన్లకు సిగ్నల్ లేదు. హెల్మెట్ సారుకు మునిగిపోతానన్న భయం కంటే, ఈపాటికి ఫోన్ మోగి మోగి ఆగిపోయి ఉంటుందన్న భయమే ఎక్కువైంది.

ఎనిమిదవుతుండగా ఒడ్డుకు చేరారు. ఆ తడిలోనే వరస, తలల లెక్క, ఫోటో. అతను ఫోన్ తీసి చూసుకున్నాడు. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు.

రెండు నిమిషాలకు మోగింది. ఈసారి వీడియో లేదు, ఉత్త మాటలే.

"ఏం చేస్తున్నారు?"

"ఇప్పుడే లేచా. మొద్దు నిద్ర పట్టేసింది" అన్నాడు, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా. "గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. కూరల సంచీతో మెట్లెక్కొచ్చా, ఆయాసం. మీరు పొడిబట్టలు... ఉతికినవి వేసుకుని పడుకోండి."

ఫోన్ జేబులో పెట్టుకుని "గండం గడిచింది, మా ఆవిడకు ఈ జన్మలో తెలీదు" అని వెల్డరు భుజం చరిచాడు.

అతని వెనకాలే పడవాయన, ఫారం వెనక పేజీ చివరి గడిలో 'ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి' అన్నచోట హెల్మెట్ సారు ఒక్క అంకె పొల్లుపోకుండా రాసిన నంబరుకు పద్నాలుగో ఒడ్డు ఫోటో పంపేసి, అటునుంచి వచ్చిన జవాబును ఫోన్‌లో తన భాషలోకి మార్చుకుని చదువుకుంటున్నాడు: "బతికించావు అన్నయ్యా, వచ్చే వారం దూది ఇంకాస్త గట్టిగా పెట్టు."